తలసరి బరువు

జిల్లాలో ఎవరి ఆదాయం ఎంతో తెలుసుకోవడానికి జిల్లా మొత్తాన్ని తూకం వేయాలని నిర్ణయించినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. అభ్యంతరం చెప్పలేదు. ప్రొజెక్టర్ వైరు వదులైపోయి, దాన్ని చేత్తో అదిమిపట్టి నిలబడి ఉన్నాను. చెయ్యి తీస్తే తెర మీద ప్రపంచ ఆర్థిక వ్యవస్థ మాయమైపోతోంది.

నా పేరు హరిణి. బీటెక్, కంప్యూటర్ సైన్స్. జిల్లా ప్రణాళికా కార్యాలయంలో డేటా అనలిస్టుని, ఔట్‌సోర్సింగు మీద. ఔట్‌సోర్సింగు అంటే ఒప్పు జరిగితే శాఖది, తప్పు జరిగితే నాది.

మా కార్యాలయానికి ఒక పాత బాధ ఉంది. ఏటా ఇంటింటికీ తిరిగి ఆదాయం ఎంత అని అడుగుతాం. రేషన్ కార్డు కోసం అడుగుతున్నారనుకున్నవాళ్లు తక్కువ చెబుతారు. పిల్ల సంబంధం కోసం వాకబు చేస్తున్నారనుకున్నవాళ్లు ఎక్కువ చెబుతారు. పోయినేడు సర్వే ప్రకారం మా జిల్లాలో ప్రభుత్వ ఉద్యోగులు తప్ప తినగలిగినవాడు ఒక్కడూ లేడు. అదే ఏడు మా ఊళ్లో కార్ల షోరూములు మూడు తెరిచారు.

దీనికి విరుగుడుగా హైదరాబాదు నుంచి ఈషాన్ అనే కన్సల్టెంటుని పిలిపించారు. చీలమండలు కనబడే ప్యాంటు, సాక్సు లేని బూట్లు. తెర మీద చుక్కల బొమ్మ ఒకటి వేశాడు. ఒక్కో చుక్క ఒక్కో దేశం. ఎడమ పక్కన బీద దేశాలు, బక్కగా కింద. కుడి పక్కకు వెళ్లేకొద్దీ డబ్బున్న దేశాలు, లావుగా పైన. మధ్యలోంచి ఎర్ర గీత ఒకటి ఎక్కుకుంటూ పోయింది.

“బేసిక్‌గా సార్, మనిషి అబద్ధం చెప్తాడు. నడుము చెప్పదు.”

జిల్లా ప్రణాళికాధికారి అనంతశయనం గారు కుర్చీలో ముందుకు వంగారు. ఆయన వంగితే కుర్చీ కూడా వంగుతుంది.

“అనగా, స్థూలకాయము స్థూల ఉత్పత్తికి సూచిక అని తమరి ప్రతిపాదన.”

“ఎగ్జాక్ట్‌లీ సార్.”

“నేను ఈ శాఖలో చేరినప్పుడు యాభై రెండు కిలోలు. ప్రస్తుతము నూట నాలుగు. నాలుగు వేతన సవరణలు కూడా దాదాపు ఇదే నిష్పత్తిలో జరిగినవి. క్షేత్రస్థాయి అనుభవము సిద్ధాంతమును బలపరుస్తున్నది.”

ఈషాన్ ఫైలు ముందురోజు నా లాప్‌టాప్‌లోనే తెరిచాడు కాబట్టి అసలు బొమ్మ నేను చూశాను. ఎర్ర గీత కొంతదూరం ఎక్కాక వంగి, కిందికి దిగుతుంది. బాగా డబ్బున్న చోట మళ్లీ బక్కవాళ్లే ఉంటారు. ఆ ముక్క తెర మీద లేదు.

“ఆ కుడిపక్క దిగే గీత ఏమైందండీ?” అని మెల్లగా అడిగాను.

“లోగో పెట్టడానికి ప్లేస్ సరిపోలేదండి,” అన్నాడు ఈషాన్.

ఎత్తు కూడా కొలిస్తే బాగుంటుందేమో సార్ అన్నాను. ఎత్తు ఆదాయం కాదమ్మా అన్నారు అనంతశయనం గారు. పిల్లల సంగతేమిటి అని ఎవరో అడిగారు. పిల్లలు వర్ధమాన ఆర్థిక వ్యవస్థలు, వారిని ప్రస్తుతానికి మినహాయిద్దాం అన్నారు. గంటన్నరలో అంతా తేలిపోయింది. డెబ్బై కిలోలు, అంతకు మించితే సంపన్నులు, కార్డూ పింఛనూ రద్దు. యాభై ఐదు లోపు అత్యంత పేదలు. మధ్యలో ఉన్నవాళ్లు ఎప్పటిలాగే మధ్యలో ఉంటారు. యాప్‌కు ‘తులాభారం’ అని పేరు పెట్టారు. రాయడానికి నాకు పది రోజులు ఇచ్చారు. ఆరు రోజుల్లో రాసేశాను. అప్పట్లో దాని గురించి గర్వంగా కూడా ఉండేది.

మొదటి చిక్కు ఆరోగ్య శాఖ నుంచి వచ్చింది. వాళ్లు అదే నెలలో ‘తేలిక జిల్లా’ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టి ఉన్నారు. వంద రోజుల్లో మనిషికి సరాసరి మూడు కిలోలు తగ్గించాలి. కలెక్టర్ గారి సమీక్షలో జిల్లా వైద్యాధికారిణి ఆ లక్ష్యం చదవగానే అనంతశయనం గారు లేచి నిలబడ్డారు.

“మూడు కిలోలనగా ఐదు శాతము. ఒక్క త్రైమాసికంలో ఐదు శాతము క్షీణత. దీనిని ఆర్థిక మాంద్యము అంటారు. మేడం గారు జిల్లాను మాంద్యములోకి నడిపిస్తున్నారు.”

“నడిపించడమే మా కార్యక్రమం,” అంది వైద్యాధికారిణి. “రోజుకు ఐదు కిలోమీటర్లు.”

కలెక్టర్ గారు ఇద్దరివంకా చూశారు. రెండూ పైనుంచి వచ్చిన లక్ష్యాలే. దేన్నీ కాదనలేరు. చివరికి ఇలా ఆదేశించారు: ప్రతి నెలా మొదటి పక్షం ఆరోగ్య శాఖది, రెండో పక్షం ప్రణాళికా శాఖది. దాని ప్రకారం ఒకటో తేదీ నుంచి పదిహేను దాకా జనాన్ని పొద్దున్నే లేపి నడిపించారు. పదహారు నుంచి మహిళా సంఘాల ఆధ్వర్యంలో లడ్డూ మేళాలు పెట్టారు. ‘శాఖల మధ్య సమన్వయం’ అనే శీర్షిక కింద రెండింటి ఫోటోలూ ఒకే పేజీలో వచ్చాయి.

రెండో చిక్కు కాటాలు. నాలుగు లక్షల మంది పెద్దవాళ్లను తూచడానికి బాత్రూం కాటాలు కొందామంటే టెండరుకు ఎవరూ రాలేదు. అప్పుడు ఎవరికో మెరుపులాంటి ఆలోచన వచ్చింది. యాసంగి పంట వడ్ల కొనుగోళ్లు అప్పుడే ముగిశాయి. ఊరూరా కొనుగోలు కేంద్రాలున్నాయి, ఎలక్ట్రానిక్ కాటాలున్నాయి, తూకంలో చెయ్యి తిరిగిన హమాలీలున్నారు, అచ్చేసిన ఫారాలు కూడా మిగిలి ఉన్నాయి. వడ్లు తూచిన చోటే మనుషుల్ని తూచేద్దాం అన్నారు.

బొల్లిపల్లె కేంద్రంలో తూకం చూడటానికి నన్ను పంపారు. టార్పాలిన్ కింద కాటా, దాని పక్కన హమాలీ మేస్త్రీ గంగమల్లు. మనిషి కాటా ఎక్కడం, గంగమల్లు గట్టిగా అంకె చదవడం, కుర్రాడెవరో రాసుకోవడం. పని చకచకా సాగుతోంది. నేను ఒక ఫారం తీసి చూశాను. స్థూల తూకం డెబ్బై రెండు. సంచి బరువు ఆరు వందల గ్రాములు. తేమ, తాలు గింజల కింద తరుగు రెండు కిలోల తొమ్మిది వందలు. నికర తూకం అరవై ఎనిమిదిన్నర.

“అన్నా, మనుషులకు తరుగేమిటి?”

“కాయితంల కాలం ఉన్నది మేడం. ఉన్న కాలం నింపకపోతె ఆడిట్ల మమ్ముల తంతరు.”

“సంచి ఏది?”

“బట్టలు.”

“తేమ?”

గంగమల్లు కాటా మీద ఉన్న మనిషిని చూపించాడు. మే నెల. పాపం ఆయన మెడ మీంచి ధారగా కారుతోంది.

“గదంత తేమ కాదా? వడ్లయితె ఇంకో రెండు రోజులు ఎండవోసి తెమ్మంటుంటి. మనుషులు గదా అని ఊకున్న. క్వింటాకు నాలుగు కిలోలు, ఇరవై ఏండ్ల సంది గిదే లెక్క.”

తరుగు సంగతి పదకొండు గంటలకల్లా ఊరికి తెలిసిపోయింది. పన్నెండుకు రోడ్డు మీద ట్రాక్టర్లు అడ్డం పెట్టారు. నడిపి గంగారాం అనే పెద్దాయన ముందు కూర్చున్నాడు.

“వడ్లకు కోసిండ్రు, ఊకున్నం,” అన్నాడు. “మక్కలకు కోసిండ్రు, ఊకున్నం. ఇప్పుడు మనిషికే కోస్తరా? మా ఒంట్ల తాలు ఉన్నదా?”

నేను వెళ్లి ఆయన పక్కన కూర్చుని చెప్పాను. తాతా, ఇక్కడ బరువు తగ్గితేనే మంచిది, డెబ్బై దాటితే కార్డు పోతుంది అని. ఆయన తలకు చుట్టిన తువ్వాల విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు.

“అంటె కోస్తేనే లాభమా?”

“అవును తాతా.”

“ఎవలకు?”

“మీకే.”

రైతుగా ఆయనకిది పూర్తిగా కొత్త అనుభవం. కాసేపు నమ్మలేదు. తర్వాత వెనక్కి తిరిగి అందరితో ఏదో మాట్లాడాడు. ట్రాక్టర్లు తీసేస్తారేమో అని నేను లేచాను. తీయలేదు. నినాదం మారింది. క్వింటాకు నాలుగు కిలోల తరుగు చాలదు, పది కోయాలి.

సాయంత్రానికి కలెక్టరేటు నుంచి ఉత్తర్వు వచ్చింది. తూకంలో ఎట్టి పరిస్థితుల్లోనూ తరుగు తీయరాదు, అతిక్రమించినవారిపై క్రమశిక్షణా చర్యలు తీసుకోబడును. వడ్ల విషయంలో ఇదే ఉత్తర్వు ఆరేళ్లుగా ప్రతి సీజనులో వస్తోంది, ప్రతి సీజనులో తరుగు తీస్తూనే ఉన్నారు. మనుషుల విషయంలో మాత్రం ఆ పూటే అమలైంది. గంగమల్లు కాలం మీద అడ్డంగా గీత కొట్టి, అందరినీ మళ్లీ కాటా ఎక్కించాడు.

ఫలితాలు వచ్చాయి. జిల్లా సరాసరి యాభై ఎనిమిది కిలోలు. కార్యాలయంలో మిఠాయి పంచారు, రెండో పక్షం కాబట్టి.

అత్యంత పేదల జాబితాలో పట్టణం నుంచి మొదటి పేరు శశాంక్‌రావు. మా బైపాస్ రోడ్డుకు రెండు పక్కలా ఉన్న వెంచర్లు ఆయనవే. తెల్లవారుజామున నలభై కిలోమీటర్లు సైకిలు తొక్కుతాడు. రాత్రికి సొరకాయ సూపు తాగుతాడు. ఆయన ఏం తినకూడదో చెప్పడానికి ఇద్దరు మనుషులకు జీతాలిస్తాడు. యాభై నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. కార్డు స్వయంగా అందజేయాలని తహసీల్దారు బయల్దేరితే, ఫోటో తీయడానికి నేనూ వెళ్లాను.

“నేనేం అప్లై చేయలేదే,” అన్నాడు శశాంక్‌రావు, ఈత కొలను పక్కన నిలబడి.

“అవసరం లేదు సార్. మీ శరీరమే దరఖాస్తు,” అన్నాడు తహసీల్దారు.

ఆయన కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. “దంపుడు బియ్యం ఉంటాయా? వైట్ రైస్ నేను మానేశాను.”

పరిశీలిస్తామని తహసీల్దారు రాసుకున్నాడు.

ఆ తర్వాతి సోమవారం ఫిర్యాదుల రోజున పోశవ్వ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా తలుపు పట్టుకుని నిలబడింది. బొల్లిపల్లెలో ఒక్కతే ఉంటుంది. భర్త పోయి తొమ్మిదేళ్లు. ఒక్క కూతురికి పెళ్లయి పక్క మండలంలో ఉంది. బీడీలు చుడుతుంది. ఆమె కార్డూ, బీడీ కార్మికులకిచ్చే పింఛనూ రెండూ ఆగిపోయాయి.

అనంతశయనం గారు నా లాప్‌టాప్‌లోకి తొంగిచూశారు.

“అమ్మా, తమరి బరువు తొంభై మూడు కిలోలు. జిల్లా సరాసరి యాభై ఎనిమిది. అనగా తమరు సరాసరి కన్నా అరవై శాతము అభివృద్ధి చెంది ఉన్నారు.”

“అంటె ఏంది సారు?”

“సంపన్నులైనారు.”

పోశవ్వ నావైపు చూసింది, ఆయన వైపు చూసింది. “ఎప్పుడు సారు? నాకెవ్వలు జెప్పలే.”

“అభివృద్ధి క్రమక్రమంగా జరుగుతుందమ్మా. లబ్ధిదారుకు తెలియకపోవచ్చు.”

“బీడీలు జేస్త సారు. పొద్దుగాల చాట ఒళ్లె వెట్టుకున్ననంటె పొద్దుమూకేదాక లేవ. కూసుంటె ఒళ్లు పెరుగుతది, లేస్తె బీడీలు తగ్గుతయి. ఏం జెయ్యాలె?”

“కుర్చీలో కూర్చుని చేయు ఉద్యోగము. నమోదు చేసుకోమ్మా హరిణీ.”

“కుర్చీ ఏడికెళ్లి వచ్చింది సారు, కింద కూసుంట.”

“ఆసనము ఏదైనా, ఉద్యోగ స్వభావము అదే.” ఆయన గొంతులో కోపమేమీ లేదు, తోటి సంపన్నురాలితో మాట్లాడుతున్న మర్యాదే ఉంది. “ఆహారము?”

“అన్నం సారు. దొడ్డన్నం, పచ్చిపులుసు. కూరలు కొననీకి పైసలేడియి? గందుకే అన్నమే జర ఎక్కువ తింట. కడుపు నిండాలె గద.”

“పుష్కలముగా,” అన్నారు అనంతశయనం గారు, నేను టైప్ చేయడానికి వీలుగా.

“ఎల్లుండి డీలరు బియ్యం వోస్తడు. నాకు పొయ్యనంటుండు. ఆ బియ్యం లేకపోతె నేను ఏం తినాలె సారు?”

“తినకపోతే బరువు తగ్గుతారమ్మా. బరువు తగ్గితే వచ్చే నెలలో జరిగే తదుపరి తూకంలో కార్డు వస్తుంది. కార్డు వస్తే తినవచ్చును. వ్యవస్థలో పరిష్కారము లేదని అనుకోకండి.”

పోశవ్వ తలుపు పట్టుకుని ఇంకొంచెంసేపు నిలబడి, మెట్లు దిగింది. ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ ఆనించి. నేను కిటికీలోంచి చూస్తూ, క్షేత్ర పరిశీలన అవసరమని ఫైలులో రాశాను. ఆ రాత మీద సంతకం కూడా నేనే పెట్టాను.

మర్నాడు బొల్లిపల్లె వెళ్లాను. ఒకే గది, ముందు రేకుల పంచ. పోశవ్వ గోడకు వీపు ఆనించి కూర్చుని ఉంది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన ఆకు, పొగాకు, దారం. వేళ్లు తప్ప ఆమెలో ఏదీ కదలడం లేదు. వేళ్లు మాత్రం నేను కీబోర్డు మీద కొట్టే వేగానికి రెండింతలు కదులుతున్నాయి.

“కూసో బిడ్డ. ఏం జూడొచ్చినవు?”

“మీ సంపద చూసి రమ్మన్నారు పెద్దమ్మా.”

“చూడు,” అంది తల తిప్పకుండా. “దొరికితే నాకు సుత జూపెట్టు.”

చూశాను. ఒక మంచం, రెండు బిందెలు, ప్యాకెట్ నూనె, బియ్యం డబ్బా. డబ్బా మూత ఎత్తి చూడబోయి ఆగాను. చెయ్యి తగిలినప్పుడు వచ్చిన చప్పుడు బట్టే ఖాళీదని తెలిసింది.

“నువ్వేం జేస్తవు బిడ్డ ఆఫీసుల?”

“నాదీ కూర్చునే పనే. కంప్యూటర్.”

“పొద్దంత?”

“పొద్దంతా.”

“మరి గింత బక్కగ ఉన్నవు.”

“సాయంత్రం జిమ్‌కు వెళ్తాను.”

“ఆడేం జేస్తరు?”

“నడుస్తాం. ఒక బెల్టు ఉంటుంది. దాని మీద.”

“ఏడిదాక?”

“ఎక్కడికీ పోము. అక్కడే.”

ఆమె వేళ్లు ఒక క్షణం ఆగాయి. “పైసలిస్తరా?”

“మనమే ఇవ్వాలి పెద్దమ్మా.”

పోశవ్వ ఇంకో మూడు బీడీలు చుట్టింది. తర్వాత, నాకోసం కాదన్నట్టు, చాటతో అన్నట్టుగా అంది: “ఇప్పుడు బక్కగుండాల్నంటె కూడ పైసలుండాలె.”

ఈషాన్ లోగో కింద పోయిన గీత మొత్తం ఆ మాటలో ఉంది. ఆమె దానికి ఫీజు కూడా తీసుకోలేదు.

రెండు పేజీల నివేదిక రాశాను. మా జిల్లాలో లావు పెరగడానికి కారణం సంపద కాదు, కూర్చోబెట్టే పని, చవకగా దొరికే ఒకే ఒక్క తిండి అని. డబ్బున్నవాళ్లు తగ్గుతున్నారు, లేనివాళ్లు పెరుగుతున్నారు, మన యాప్ తలకిందులుగా ఉంది అని. అనంతశయనం గారు చదివి, మార్జిన్‌లో ఎర్ర సిరాతో రాసి పంపారు: ‘శైలి బాగున్నది. గణాంకములలో జాలి అను చరరాశి లేదు.’

కానీ పోశవ్వకు రాని న్యాయం కాంట్రాక్టర్లకు వచ్చింది. జిల్లాలో పలుకుబడి ఉన్నవాళ్లు చాలామంది పోశవ్వ అంత లావు కాకపోయినా డెబ్బై పైనే ఉన్నారు. వాళ్లకూ కార్డులున్నాయి, ఎలా ఉన్నాయని అడగకూడదు. వాళ్ల ఫోన్లతో వారంలోనే సవరణ మెమో వచ్చింది. ఇకపై మనిషి బరువు కాదు, కార్డులో ఉన్న పెద్దవాళ్లందరి సరాసరి బరువు చూడాలి. సరాసరి డెబ్బై లోపుంటే కార్డు, పింఛను అన్నీ ఉంటాయి. కార్డులోకి కొత్త సభ్యులను చేర్చుకోవచ్చు.

“బంధుత్వానికి రుజువు అడగాలి కదా సార్,” అన్నాను.

“బంధుత్వము భావోద్వేగ విషయము. మనము బరువును మాత్రమే ధ్రువీకరిస్తాము.”

అందుకని యాప్‌లో బంధుత్వానికి ఒక జాబితా మాత్రం పెట్టాను. నొక్కితే చాలు.

దాంతో జిల్లాలో బక్కవాళ్లకు ఎన్నడూ లేని గిరాకీ వచ్చింది. బొల్లిపల్లెలోనే ముగ్గురు అన్నదమ్ములు ముప్పై ఆరు కిలోల తల్లిని నెలకొకరు చొప్పున వంతులేసుకుని భరిస్తుండేవారు. ఇప్పుడు ముగ్గురూ ఒకేసారి ఆటోలు తెచ్చారు. ఈ నెల వంతు నాదంటే నాదని పంచాయితీ పెట్టారు. ఆమె ఎవరి ఆటో ఎక్కకుండా, ముందు మూడు చీరలు కొనిపెట్టమని గుమ్మంలోనే కూర్చుందట. శశాంక్‌రావు డ్రైవరు ఎనభై నాలుగు కిలోలు. అతను యజమానిని తన చిన్న కొడుకుగా చేర్చుకున్నాడు. ఓటీపీ వచ్చే ఫోను ఎప్పుడూ అతని దగ్గరే ఉంటుంది కాబట్టి ఇబ్బంది రాలేదు. శశాంక్‌రావు ఇప్పటికీ గమనించలేదు.

పోశవ్వ మళ్లీ సోమవారం వచ్చింది. ఈసారి నేనే కిందికి దిగాను.

“నాకు సన్నపోళ్లు ఎవ్వలు లేరు బిడ్డ. నా బిడ్డ అత్తగారి కార్డుల ఉన్నది. వాళ్లు ఇయ్యరంట, వాళ్లకూ అవుసరమేనంట. పక్కింటి ముసలవ్వను అడిగితె కోడలు నెలకు రెండు కిలోల కోడికూర గావాలంటుంది. గంత పైసలుంటె నాకు కార్డు ఎందుకు?”

“తినడానికి ఏం చేస్తున్నారు?”

“ఒకపూట తింటున్న. డీలరు బియ్యం కాదు, షాపుల కొని.” కొంచెం ఆగి, “రెండు కిలోలు తగ్గిన అనుకుంటున్న. మోకాళ్లు మాత్రం తగ్గలే,” అంది.

ముందు ఆమెను కలెక్టరేటు ఎదుటి మందుల షాపుకు తీసుకెళ్లాను. అక్కడి కాటా మీద నిలబెట్టాను. తొంభై మూడే. ఒకపూట తిండి మానేసినా బరువు తగ్గలేదు, ఆమెకే అలా అనిపించింది. నేను ఎక్కాను. నలభై ఆరు. మొత్తం నూట ముప్పై తొమ్మిది. ఇద్దరికీ సరాసరి అరవై తొమ్మిదిన్నర.

నా పేరు ఏ కార్డులోనూ లేదు. నాకు ఉద్యోగం వచ్చిందని మా నాన్న కార్డులోంచి తీసేశారు. ఉండేది హాస్టల్లో. తిరిగొచ్చి మెట్ల మీద పక్కన కూర్చుని, లాప్‌టాప్‌లో యాప్ పెట్టి పోశవ్వ కార్డు తెరిచి, సభ్యురాలిని చేర్చు అని నొక్కి, నా ఆధార్ నంబరు కొట్టాను. బంధుత్వం దగ్గర ఆగాను. జాబితాలో తల్లి, అత్త, కోడలు, కూతురు, ఇతరములు అని ఉన్నాయి. నేనే పెట్టిన జాబితా. కూతురు అని నొక్కాను. ‘సభ్యురాలు విజయవంతముగా చేర్చబడినది’ అని వచ్చింది. ఎర్రగా ఉన్న కార్డు పచ్చగా మారింది.

“అయిందా?” అంది పోశవ్వ.

“అయింది పెద్దమ్మా. బియ్యం వస్తాయి. మనిషికి ఆరు కిలోలు, మొత్తం పన్నెండు. పింఛను కూడా.”

“పన్నెండా?” ఆమె ముఖంలో సంతోషం కన్నా అనుమానమే ఎక్కువ కనబడింది. “ఐతారం అన్నానికి రా.”

వెళ్లాను. ఆ ఆదివారానికి తదుపరి తూకం పది రోజుల దూరంలో ఉంది. చాట గోడకు ఆనించి ఉంది. ఈ పూటకు బీడీలు లేవన్నమాట. పొయ్యి మీద గుడ్ల పులుసు. నన్ను పీట మీద కూర్చోబెట్టి, పళ్లెంలో అన్నం పెట్టింది. పెట్టడం అంటే మా హాస్టల్లో నలుగురికి వడ్డించేంత.

“పెద్దమ్మా, ఇంత వద్దు. మనిద్దరం కలిసి నూట ముప్పై తొమ్మిది. నూట నలభై అయితే కార్డు పోతుంది. మధ్యలో ఒక్క కిలో జాగా ఉంది.”

“ఈ బియ్యం ఎవలయి?”

“నా పేరు మీద వచ్చినవి.”

“నువ్వు బక్కగున్నవనే గద ఇచ్చిండ్రు.”

“అవును.”

“గవి నువ్వు తింటె?”

“బరువెక్కుతాను. కార్డు పోతుంది.”

“నేను తింటె?”

“మీరు బరువెక్కుతారు. కార్డు పోతుంది.”

గరిటె గిన్నె అంచుకు ఆనించి ఆలోచించింది. “అమ్ముకుంటె?”

“అది నేరం పెద్దమ్మా. కేసు పెడతారు.”

“మరి ఎవ్వలు తినకపోతె?”

“కార్డు ఉంటుంది. నెల నెలా బియ్యం వస్తూనే ఉంటాయి.”

ఇది మొదటిసారి నేను గట్టిగా పైకి చెప్పడం. సమావేశాల్లో విన్నప్పుడు ఇంత తేడాగా లేదు. పోశవ్వ గుడ్డు ఒకటి తీసి నా పళ్లెంలో వేసి, పులుసు పోసింది.

“ఈ లెక్క ఎవడు రాసిండో గాని,” అంది, “వాడు అన్నం తింటుండా, గడ్డి తింటుండా?”

పులుసు అన్నం మీంచి పళ్లెం అంచుదాకా పాకింది. నేను దాన్నే చూస్తున్నాను.

“నేనే రాశాను పెద్దమ్మా. ఆ యాప్ నాదే.”

నేను తల ఎత్తకుండా కూర్చున్నాను. గరిటె మళ్లీ గిన్నెలోకి దిగడం వినబడింది. నా పళ్లెంలో ఇంకో గరిటెడు అన్నం పడింది.

“గందుకే అంటున్న బిడ్డ,” అంది పోశవ్వ. “అన్నం తిను.”